సంక్రాంతి ఒత్తిడి: ప్రయాణం, పుట్టిల్లు–అత్తిల్లు, పిండివంటలు... దేనికి ఏ దారి మేలు?

డిసెంబరు మధ్యలో నెలగంట పెట్టిన నాటి నుంచి తెలుగు ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. పిల్లలు సెలవులు లెక్కపెట్టుకుంటారు. పెద్దవాళ్లు టికెట్లు, బట్టలు, అరిసెల బియ్యం, రాబోయే బంధువులు, ఖాతాలో మిగిలే డబ్బు లెక్కపెట్టుకుంటారు. మూడు రోజుల పండుగ కోసం నెల రోజులు సతమతమై, కనుమ నాటికి ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడే ఓపిక లేక ఒక మూల ఒరిగిపోయే ఇల్లాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ప్రధానంగా వాళ్లను తలుచుకుని ఈ పోలిక రాస్తున్నాను.

పండుగ ఒత్తిడి మీద వచ్చే సలహాలు చాలావరకు ధ్యానం చేయండి, నిదానంగా ఊపిరి పీల్చండి అనే దగ్గర ఆగిపోతాయి. అవి మంచివే. కానీ పంతంగి టోల్‌గేటు ముందు కదలని కారులో, వెనక సీట్లో ఏడుస్తున్న చంటిబిడ్డతో కూర్చున్న మనిషికి వాటివల్ల కలిగే ఉపశమనం ఎంత? ఆ కష్టానికి మూలం నవంబరులో చేయవలసిన ఆలోచనను జనవరి దాకా నెట్టుకుంటూ రావడంలో ఉంది. అందుకే ఇక్కడ నిర్ణయాలనే పక్కపక్కన పెట్టి చూస్తాను. ప్రతిచోటా నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఈ దారిన వెళ్తే బరువు ఎవరి మీద పడుతుంది, ఏ రోజున పడుతుంది? ఖర్చు, సౌకర్యం ఆ తర్వాతి సంగతి.

రైలా, బస్సా, కారా?

రైలుతో మొదలుపెడతాను. దీని గడువు అన్నిటికంటే ముందు ముంచుకొస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ కాలాన్ని 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. కాబట్టి జనవరి 12న బయలుదేరాలనుకుంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు ఫోను పట్టుకుని సిద్ధంగా ఉండాలి. గోదావరి, గౌతమి, నర్సాపురం ఎక్స్‌ప్రెస్ వంటి బళ్లలో పండుగ తేదీల బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి. ఆధార్ ధ్రువీకరణ లేని ఖాతాతో ఆ తొలి నిమిషాల్లో ఆన్‌లైన్ టికెట్టు తీసుకోవడం 2025 అక్టోబరు నుంచి కుదరదు. తత్కాల్‌కు కూడా ఆ ధ్రువీకరణ తప్పనిసరే. ఈ పని అక్టోబరులోనే పూర్తిచేసుకుంటే బుకింగ్ రోజున ఓటీపీల కోసం కంగారు పడక్కరలేదు.

రైలు దొరికితే అంతకంటే మంచి దారి లేదని నా నమ్మకం. బరువంతా నవంబరులో ఒక ఉదయం మీద పడుతుంది, పండుగ రోజులు తేలికగా గడుస్తాయి. దొరకకపోతే మాత్రం వెయిటింగ్ లిస్టు మీద ఆశ పెట్టుకుని జనవరి దాకా ఊగిసలాడవద్దు. వెయిటింగ్ టికెట్టుతో స్లీపరు, ఏసీ బోగీల్లో ప్రయాణించే వీలు లేదు. తత్కాల్ ఏసీ తరగతులకు ముందురోజు ఉదయం 10కి, స్లీపరుకు 11కి తెరుచుకుంటుంది. ఒక్క మనిషికైతే ప్రయత్నించవచ్చు. నలుగురున్న కుటుంబాన్ని దాని మీద ఆధారపరచడం అంటే ప్రయాణం ముందురోజు ఇంటిల్లిపాదినీ గాలిలో వేలాడదీయడమే. పైగా ఖాయమైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు.

దక్షిణ మధ్య రైల్వే పండుగకు వేసే ప్రత్యేక రైళ్లను మూడో మార్గంగా గుర్తుపెట్టుకోండి. ఛార్జీ కొంత ఎక్కువ, ఆలస్యాలూ మామూలే. అయినా పడుకుని వెళ్లవచ్చు కనుక వృద్ధులున్న ఇంటికి అవి బస్సుకంటే నయం. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరి 15న, ఆ ఏటి సంక్రాంతి నాడే మొదలైంది. రాత్రంతా బండిలో గడపకుండా చేరాలనుకునేవారికి అది సరిపోతుంది. నడుం నొప్పి ఉన్నవారు మాత్రం గంటల తరబడి కూర్చునే ప్రయాణమని ముందే ఆలోచించుకోవాలి.

బస్సుల్లో ఆర్టీసీకి, ప్రైవేటుకు తేడా ఛార్జీతో ఆగదు. పండుగ ముందు ప్రైవేటు బస్సుల టికెట్టు మామూలు ధరకు రెండింతలు, మూడింతలు పలుకుతుంది. ఏపీఎస్ఆర్టీసీ ఇటీవలి సంవత్సరాల్లో సంక్రాంతి ప్రత్యేక బస్సులను మామూలు ఛార్జీలకే నడుపుతోంది. తెలంగాణ ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల దాకా తీసుకుంటుంది. మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. అయితే అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులకే, ఆ రాష్ట్రం లోపలి ప్రయాణానికే. హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం వెళ్లే ఆడపడుచుకు అది పనికిరాదు. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లేవారికి పనికొస్తుంది కానీ, భోగి ముందురోజు ఆ బస్సులో చంకలో బిడ్డతో నిలబడాల్సి రావచ్చు. చిన్న పిల్లలుంటే ఆ ఒక్క రోజుకు డబ్బు పెట్టి సీటు రిజర్వు చేసుకోవడమే మేలు.

కారు విషయంలో మనసులో ఉన్నది నిక్కచ్చిగా చెబుతాను. హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మామూలు రోజుల్లో ఐదు గంటల దారి. భోగికి ముందు రెండు రోజులు చౌటుప్పల్ దాటేసరికే ఓపిక సగం కరిగిపోతుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల వరసలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. రద్దీ తప్పించుకోవాలని చాలామంది ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి పదకొండుకు బండి తీస్తారు. పోలికలో ఇది అన్నిటికంటే చెడ్డ దారి. పగలంతా పనిచేసిన మనిషి ఆ రాత్రంతా స్టీరింగు పట్టుకుంటే రెప్ప పడటానికి క్షణం చాలు. తెల్లవారుజామున మూడుకు బయలుదేరడం దానికంటే కొంచెం నయమే అయినా, జనవరిలో నల్లగొండ, సూర్యాపేట వైపు ఆ వేళకు పొగమంచు కమ్ముతుంది. ముందు ఆగి ఉన్న లారీ దగ్గరికి వెళ్లేదాకా కనబడదు. భోగికి మూడు రోజుల ముందో, లేకపోతే భోగి నాటి మధ్యాహ్నమో, సూర్యుడు బాగా పైకి వచ్చాక బయలుదేరండి. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్లేవారికి నాగార్జునసాగర్ మీదుగా మరో దారి ఉంది. విజయవాడ వెళ్లే పని లేనప్పుడు ఆ వరసల్లో ఎందుకు నిలబడాలి?

తిరుగు ప్రయాణాన్ని చాలామంది మరిచిపోతారు. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణం చేయకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అందువల్ల ముక్కనుమ నాడు రెండు రాష్ట్రాల జనం ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. కనుమ నాడు బయలుదేరతామని ఆ ఉదయం చెబితే ఇంట్లో గొడవ ఖాయం. నవంబరులో టికెట్టు తీసేటప్పుడే అమ్మానాన్నలతో మాట్లాడి, కనుమ కదలని ఇల్లైతే ముక్కనుమ మర్నాటికి టికెట్టు చూడండి. అదనంగా ఒక సెలవు పోతుంది. ఆ సెలవు దండగని నేననుకోను. ఊరి నుంచి తెల్లవారి దిగి, స్నానం చేసి తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చునే పద్ధతి పండుగలో దొరికిన కాస్త విశ్రాంతినీ అరగంటలో తుడిచేస్తుంది.

పుట్టిల్లా, అత్తిల్లా?

ప్రయాణంలో అలసేది ఒళ్లు. ఇక్కడ అలసేది మనసు. పెళ్లయిన తొలి సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తవారింటికి వెళ్లడం ఆచారం కనుక ఆ ఏడాది పెద్ద చర్చ ఉండదు. చిక్కు రెండో ఏట మొదలవుతుంది. అటు అమ్మ అరిసెలు వండి ఎదురుచూస్తుంటుంది. ఇటు అత్తగారు కోడలు ముగ్గు వేస్తే చూడాలని కోరుకుంటారు. ఇద్దరిదీ ప్రేమే, ఎవరినీ తప్పుపట్టలేం.

కుటుంబాలు పాటించే పద్ధతులు నాలుగు కనిపిస్తాయి. మూడు రోజులను రెండిళ్లకూ పంచడం మొదటిది. రెండూళ్ల మధ్య గంట, గంటన్నర దూరమైతే ఇది హాయిగా సాగుతుంది. భీమవరంలో ఒకరు, తణుకులో ఒకరు ఉంటే భోగి ఇక్కడ, సంక్రాంతి అక్కడ అనుకోవచ్చు. ఒకటి శ్రీకాకుళం, మరొకటి నెల్లూరు అయితే పండుగంతా సూట్‌కేసు సర్దుకోవడంతోనే గడిచిపోతుంది. ఇద్దరు తల్లులకూ అరకొర సంతోషమే మిగులుతుంది. దూరం ఎక్కువైతే ఈ ఆలోచన మానుకోమని చెబుతాను.

ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు అనుకోవడం రెండో పద్ధతి. న్యాయంగా ఉంటుంది, ముందే తెలిసిపోతుంది. కాకపోతే పెద్దవాళ్లకు ఆరోగ్యం బాగాలేని ఏడు వరస తప్పించే చనువు ఉండాలి. ‘పోయినేడు మీ ఇంటికే వెళ్లాం కదా’ అని లెక్క అప్పజెప్పే స్థితి వస్తే ఈ పద్ధతి పాడైపోతుంది.

మూడో పద్ధతి నాకు బాగా నచ్చినది: పండుగలనే పంచుకోవడం. తెలంగాణలో దసరా పెద్ద పండుగ, బతుకమ్మకు ఆడబిడ్డ పుట్టింటికి రావడం అక్కడి ఆచారం. కోస్తా జిల్లాల్లో సంక్రాంతిదే పెద్దపీట. వరంగల్ అమ్మాయి, కాకినాడ అబ్బాయి అయిన ఇంట్లో బతుకమ్మకు అటు, సంక్రాంతికి ఇటు అనుకుంటే రెండిళ్లూ తమకు ముఖ్యమైన పండుగకే పిల్లలను చూసుకుంటాయి. ఇద్దరిదీ ఒకే ప్రాంతమైనా ఉగాదినో దసరానో రెండోవారికి ఖాయం చేయవచ్చు. ఆ రెండో పండుగకు ఇన్ని సెలవులు రావన్నది నిజమే, అందుకు వేసవిలో నాలుగు రోజులు అదనంగా ఉండి సరిచేసుకోవచ్చు.

అందరినీ నగరంలోని మన ఇంటికే పిలవడం నాలుగోది. వినడానికి ఎంతో సులువు. బరువు మాత్రం మొత్తం ఆ ఇంటి ఇల్లాలి మీద పడుతుంది. రెండు పడకగదుల ఫ్లాటులో ఇద్దరు వియ్యపురాళ్లు, ఒకే బాత్రూము, ఒకే స్టవ్వు! వంటకు సాయం మనిషి, పడకలకు ఏర్పాటు, భర్త చేతిలో పెట్టిన పనుల జాబితా ఉంటేనే దీనికి ఒప్పుకోండి.

ఏది ఎంచుకున్నా ఒక విషయం ముందే కనుక్కోవాలి. చాలా ఇళ్లలో సంక్రాంతి పెద్దల పండుగ. ఆ రోజు పితృదేవతలకు తర్పణాలు వదులుతారు, కొత్తబట్టలు పెడతారు. ఆ ఇంటి కొడుకు అక్కడ ఉండవలసి వస్తుంది. ఆ ఆచారం ఉంటే సంక్రాంతి రోజు అటువైపు ఖాయం చేసుకుని, మిగిలినవి దాని చుట్టూ అమర్చుకోవాలి.

మాట చెప్పేది ఎవరన్నది కూడా ముఖ్యమే. కొడుకు తన తల్లికి, కూతురు తన తల్లికి చెప్పాలి. ‘అమ్మా, ఈసారి భోగి మధ్యాహ్నానికి వస్తాం, ముక్కనుమ దాకా ఉంటాం’ అని కొడుకు ఫోను చేస్తే అది కబురు. అదే కోడలు చేస్తే అత్తగారి చెవికి అది షరతులా వినిపించే ప్రమాదం ఉంది. ఈ ఒక్క పని భర్తలు బాధ్యతగా తీసుకుంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని అలకలు తప్పుతాయో!

అరిసెలు ఇంట్లోనా, కొట్లోనా?

పిండివంటలన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ఇంట్లో చేసుకోవాలా, కొనాలా’ అని అడగడంలోనే పొరపాటు ఉంది. ఒక్కో వంట కోరే శ్రమ వేరు.

అరిసెలు తీసుకోండి. బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, నీళ్లు మార్చాలి, వాడ్చాలి, తడి ఆరకుండా మరకు తీసుకెళ్లి ఆడించాలి, జల్లించాలి. బెల్లం ఉండపాకం వచ్చిన క్షణంలో దించి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఉండకట్టకుండా కలపాలి. నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య వెంటనే నొక్కాలి. కనీసం ఇద్దరు, హాయిగా జరగాలంటే ముగ్గురు కావాలి. పాకం ముదిరితే గట్టిపడతాయి, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి ఒక్కతే కూర్చుని అరిసెలు వండాలనుకునే ఇల్లాలికి నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే, వద్దు. మనుషులుంటేనే వండండి, లేకపోతే కొనండి. సకినాలదీ ఇంచుమించు అదే కథ. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి బట్ట మీద చుట్లు చుట్టడానికి అలవాటున్న వేళ్లు కావాలి. తెలంగాణ ఊళ్లలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకుని సకినాలు చుట్టేవారు. ఇప్పటికీ చాలాచోట్ల చుడుతున్నారు. ఆ పద్ధతిని నగరంలోని అపార్టుమెంటుకు తెచ్చుకోవచ్చు. నాలుగు ఫ్లాట్లవాళ్లు కలిసి ఒక ఆదివారం ఒక ఇంట్లో పొయ్యి వెలిగిస్తే పని తగ్గడంతో పాటు ఆ ఇంటికి పండుగ వారం ముందే వస్తుంది.

సున్నుండలు ఇందుకు భిన్నం. మినప్పప్పు దోరగా వేయించి, పొడి కొట్టించి, బెల్లం, కాచిన నెయ్యి కలిపి ఉండలు చుడితే గంట, గంటన్నరలో అయిపోతాయి. నూనె, పాకం అక్కరలేదు. తక్కువ శ్రమకు ఎక్కువ తృప్తినిచ్చే వంట ఇదే. ఒక్కరే చేసే ఇంట్లో ‘మన చేతి వంట’ అనిపించుకోవడానికి దీన్ని ఎంచుకోమంటాను. జంతికలు, చెక్కలు కూడా ఒక్కరికి అలవిమాలినవి కావు, ఓపికగా ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. బొబ్బట్లు రెండు మూడు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి అవి పండుగ నాటి పనిలోకే వస్తాయి. ఆ రోజు గారెలు, పులిహోర, పరమాన్నం ఎలాగూ ఉంటాయి. బొబ్బట్లు కూడా చేర్చుకుంటారా అన్నది మీ ఇంట్లో చేతులెన్ని అన్నదాన్ని బట్టి తేల్చుకోండి.

పూతరేకులు, మడత కాజాలు ఇంట్లో చేయాలని ఎవరూ పట్టుబట్టరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకు తీసే నేర్పు ఆ ఊరి చేతులది. తాపేశ్వరం కాజా, బందరు లడ్డూ కొనుక్కుని తింటే ఎవరూ చిన్నబుచ్చుకోరు. మరి అరిసెలు కొన్నప్పుడు మాత్రం ‘ఈసారి కొట్లో తెచ్చారా’ అన్న మాట ఇల్లాలిని ఎందుకు గుచ్చుకోవాలి?

కొనడానికి కూడా మూడు దారులున్నాయి. మిఠాయి కొట్లో సులువు, అయితే పండుగ వారంలో గిరాకీ ఎక్కువై ఏ నూనెలో వేగిందో తెలియదు. హోమ్ ఫుడ్స్ దుకాణాలు, డ్వాక్రా మహిళలు చేసినవి రుచికి ఇంటికి దగ్గరగా ఉంటాయి. డిసెంబరు ఆఖరులోపే చెప్పిపెట్టాలి. మూడోది, వంటమనిషిని ఇంటికి పిలిపించుకోవడం. కోస్తా పట్టణాల్లో కేజీకి ఇంత అని మాట్లాడుకుని వచ్చి వండి వెళ్లే ఆడవాళ్లు ఉంటారు. సరుకు మనది, చేయి వాళ్లది. పిల్లలు ఇంట్లో అరిసె వేగే వాసన పీల్చుకుంటారు, అమ్మ నడుమూ నిలబడుతుంది. ఖర్చు భరించగలిగితే నా మొదటి ఓటు దీనికే. ఆమెకు పండుగ ముందు చేతినిండా పని ఉంటుంది కనుక, జనవరి మొదటి వారంలోనే పిలిపించండి. అరిసెలు, జంతికలు పండుగ దాకా నిక్షేపంగా నిలవ ఉంటాయి.

ఇక పరిమాణం. ఊళ్లో ఉమ్మడి కుటుంబం ఉన్న రోజుల కుంచాల లెక్కనే ముగ్గురు నలుగురున్న ఇంట్లోనూ కొనసాగించడం చూస్తుంటాను. ఫిబ్రవరి చివర డబ్బా అడుగున మిగిలిన జంతికలు ఎవరి కోసం వండినట్టు? మధుమేహం ఉన్నవారికి బెల్లం కూడా చక్కెరలాగే రక్తంలో గ్లూకోజును పెంచుతుందని గుర్తుచేయాలి. ‘బెల్లమే కదా, ఇంకొకటి తీసుకో’ అని కంచంలో వేయడం ప్రేమే. ఆయన చాలన్నాక ఊరుకోవడం కూడా ప్రేమే.

డబ్బు

దీన్ని పెద్దగా సాగదీయను. కార్డు మీద కొని తర్వాత తీర్చడం, చేతిలో ఉన్నంతకే పరిమితం కావడం అనే రెండు దారుల్లో రెండోదే సరైనది. క్రెడిట్ కార్డు బాకీలో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది లాగితే చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైగా వడ్డీ పడుతుంది. ఆ బరువు పండుగ నాడు కనిపించదు, మార్చిలో పిల్లల ఫీజుల దగ్గర కనిపిస్తుంది. ఛార్జీలు, బట్టలు, అల్లుడికో కూతురికో పెట్టేవి, పనిమనిషికి, వాచ్‌మన్‌కు, హరిదాసుకు, గంగిరెద్దుల వారికి ఇచ్చేవి కలిపి భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక అంకె రాసుకోండి. చివరి నాలుగింటిని మాత్రం తగ్గించకండి. మొత్తంలో అవి చిన్నవి, తీసుకునేవారికి పెద్దవి.

బట్టలు డిసెంబరు మొదట్లో కొనడం, పండుగ వారంలో కొనడం మధ్య తేడా ధరలో కంటే ఓపికలో ఉంది. దర్జీ దగ్గర జాకెట్టు కోసం నాలుగుసార్లు తిరిగిన వారెవరినైనా అడగండి. పేకాట, గుండాట, కోడిపందేల బరుల విషయానికొస్తే, పందేలు చట్టవిరుద్ధం. అక్కడ పోగొట్టుకున్న డబ్బు గురించి పండుగ రాత్రి ఇంట్లో ఆడవాళ్లు పడే వేదన ఏ లెక్కలోకీ రాదు. చుట్టాలు రమ్మన్నా వెళ్లకపోవడమే నా సలహా.

‘ఇంకా పెళ్లెప్పుడు?’

ఇరవై ఏడేళ్ల అమ్మాయి, పిల్లలు లేని దంపతులు, ఉద్యోగం పోయిన కుర్రాడు... పండుగంటే వీళ్లకు వంటల భయం ఉండదు, వరండాలో కూర్చున్న పెద్దల ప్రశ్నల భయం ఉంటుంది. ఆ భయంతోనే ఊరికి రావడం మానేసినవారు ఉన్నారు.

నవ్వి ఊరుకోవడం ఒక దారి. ఒకరిద్దరైతే సరిపోతుంది, పదిమంది అడిగాక మనసు చివుక్కుమంటుంది. గట్టిగా జవాబు చెప్పడం ఇంకొకటి. ఆ క్షణానికి బాగుంటుంది, తర్వాత అమ్మానాన్నలు సర్దిచెప్పుకుంటూ తిరగాలి. నేను మూడోదాన్ని నమ్ముతాను. మీకు చనువున్న పిన్నికో, పెద్దమ్మకో, బాబాయికో పండుగ ముందే ఫోను చేసి ‘పిన్నీ, ఈసారి పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే కాస్త నువ్వు చూసుకో’ అని చెప్పుకోండి. పెద్దల ప్రశ్నను పెద్దలే ఆపితే అది ఎవరికీ అవమానంగా ఉండదు. పెద్దవాళ్లకు నా విన్నపం: అడగాలనిపిస్తే, ఎలా ఉన్నావని అడగండి. చెప్పాలనుకున్నవాళ్లు మిగతాది వాళ్లే చెబుతారు.

వెళ్లకపోవడం కూడా ఒక ఎంపికే

ఆసుపత్రి నర్సు, పోలీసు, ఆర్టీసీ డ్రైవరు, విద్యుత్ లైన్‌మన్ పండుగ రోజునే ఎక్కువ పనిచేస్తారు. ఇంట్లో ఆ ఏడాది ఎవరైనా పోయి ఏటిసూతకంలో ఉన్నవారు పండుగ చేసుకోరు. తల్లిదండ్రులిద్దరూ వెళ్లిపోయాక ఊరికి తాళం వేసిన ఇల్లు తప్ప ఏమీ మిగలనివారూ ఉన్నారు. ఇలాంటివారికి ‘సరదాగా గడపండి’ అనడం కంటే రెండు నిజమైన దారులు చూపించడం మంచిది. ఒకటి, రద్దీ తగ్గిన తర్వాత ఆ నెలాఖరులోనో, రథసప్తమికో ఊరికి వెళ్లడం. టికెట్టు దొరుకుతుంది, ఇంట్లోవాళ్లకు మీతో కూర్చునే తీరిక ఉంటుంది. వృద్ధులైన తల్లిదండ్రులకు మూడు రోజుల హడావుడిలో దొరకని మాట ఆ రెండు రోజుల్లో దొరుకుతుంది. రెండోది, నగరంలోనే ఉండి ఒక్క ఆచారాన్ని మాత్రం పూర్తిగా చేసుకోవడం. వాకిట్లో ముగ్గు, చిన్నపిల్లలుంటే భోగిపళ్లు, అలవాటున్న ఇంట్లో బొమ్మల కొలువు, వీటిలో ఏదో ఒకటి. ఏటిసూతకంలో ఉన్న ఇంటికి పండుగ నాడు వండినది పట్టుకెళ్లి కాసేపు కూర్చుని రావడం బంధువుల బాధ్యత. ఆ రోజు ఆ ఇంటి నిశ్శబ్దం చాలా బరువుగా ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవారికి సంక్రాంతి చాలా ఏళ్లు పనిరోజున వస్తుంది. తెలుగు సంఘాల వేడుక ఆ తర్వాతి వారాంతంలో జరుగుతుంది. రెండూ కావాలని పనిరోజు రాత్రి పదకొండు దాకా వంట చేయడం కంటే, అసలు రోజున ఇంటికి ఫోను, వారాంతంలో వేడుక అని విడదీయడం మేలు. ఫోను వేళ కూడా కలిసివస్తుంది. మన ఊళ్లో భోగి తెల్లవారుజామున 5 గంటలకు మంట వేసేసరికి డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం 5:30, న్యూయార్క్‌లో 6:30. ఆఫీసు అయ్యాక పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తాతయ్య వేసే భోగిమంట చూపించవచ్చు. ఆ వేళకు ఊళ్లో ఒకరు ఫోను పట్టుకుని బయట ఉండేలా ముందే చెప్పుకోండి.

ఇంకో మధ్యే మార్గాన్ని కొందరు ఇష్టపడతారు: ఊరికి వెళ్లి అక్కడి నుంచే లాప్‌టాప్ మీద పనిచేయడం. ముందూ వెనకా రెండు రోజులు కలిసొస్తాయి కనుక ఆశగా ఉంటుంది. నెట్ అందక మేడ మీదికీ కిందికీ తిరుగుతూ, పిలిచినవారికల్లా ‘మీటింగులో ఉన్నాను’ అని చెబుతూ గడపడం పనికీ న్యాయం చేయదు, పండుగకూ చేయదు. తప్పనిసరైతే రోజులో ఏ వేళ పని, ఏ వేళ ఇల్లు అన్నది ఇంట్లో అందరికీ చెప్పండి. పండుగ మూడు రోజులు మాత్రం లాప్‌టాప్ తెరవకండి.

ఎప్పుడు ఇది మామూలు ఒత్తిడి కాదు?

పండుగ రోజుల్లో మొదట పోయేది నిద్ర. భోగికి తెల్లవారుజామున లేవాలి, రాత్రి కబుర్లు ఆగవు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇంట్లో ఆడవాళ్లందరూ కూడా అరగంట నడుం వాల్చేలా మగవాళ్లు గిన్నెల పని అందుకుంటే అది ఏ మందుకంటే బాగా పనిచేస్తుంది. సాయంత్రం నాలుగో కాఫీ మానితే రాత్రి నిద్ర దక్కుతుంది. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవారు ఊరికి రెండు రోజుల మాత్రలు అదనంగా పెట్టుకోవాలి. పండుగకు పల్లెల్లో మందుల దుకాణాలు మూసి ఉండవచ్చు.

కొందరిలో మాత్రం అలసట పండుగతో వచ్చి పండుగతో పోదు. ఇంటికి తిరిగొచ్చి రెండు వారాలైనా నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోవడం, కారణం లేకుండా కన్నీళ్లు రావడం, బతకడం దండగ అనిపించడం కనిపిస్తే దాన్ని పండుగ అలసటగా తీసిపారేయవద్దు. బతకడం దండగ అన్న మాట వస్తే రెండు వారాలు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరు మీద ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయడానికి ఆ మనిషికే ఓపిక లేనప్పుడు పక్కన ఉన్నవారు నంబరు కలిపి ఇవ్వాలి, మాట్లాడేంతసేపు పక్కనే కూర్చోవాలి.